తడపక ముందు

“పొద్దున్నే ఊడ్చానంటే వినవేం? తిన్నగా తడిపి కడుగు, లేదా మిషన్ తీసుకుని నడువు!”

ఇంటావిడ అరుపు వీధిదాకా వినిపిస్తోంది. తివాచీలు కడిగే పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, పసివాడి వీపు నిమిరినట్టు తివాచీని నిమురుతున్నాడు. ఎన్ని ఇళ్లలో చీవాట్లు తిన్నా ఈ మొండితనం మానడు.

“దుమ్ము లాగకుండా తడిపితే బురదవుతుందమ్మా.”

ఆవిడ ఊ అనకముందే వాక్యూమ్ గుర్రుమంది. అది ఆగగానే, “ఏదీ, నీ దుమ్ము చూపించు!” అందావిడ. మిషన్ సంచి విప్పితే దోసెడు దుమ్ము, అందులో ఆవిడ భర్త చొక్కా గుండీ. ఆవిడ మొహం మాడిపోయింది. ఆయన గబుక్కున సంచి మూసేశాడు.

“ఇదంతా నిన్న కడిగిన ఇంటిదమ్మా. సంచి దులపడం మర్చిపోయాను.”

“అదీ, అలా చెప్పు! సరే, కడుగు,” అందావిడ, గొంతు తగ్గించి.

సోఫాలో భర్త గుండీ ఊడిన తన చొక్కా చూసుకుని కిసుక్కుమన్నాడు. పెద్దాయన అటు వంగి మెల్లగా అన్నాడు:

“బాబుగారూ, ఆ నవ్వేదో నేను వెళ్లాక నవ్వుకోండి.”