లిస్టులో లేని గురువు

2022 నాటికి నంద్యాలలో ఆరోగ్య బీమా ఏజెంటుగా నాకు పదకొండేళ్లు. అప్పటిదాకా చేసినవన్నీ ఇంటి పాలసీలే. చిన్న వ్యాపారాలకు గ్రూప్ పాలసీ చేయించడం వేరే విద్య. యజమాని ప్రీమియం కడతాడు, పనివాళ్లందరికీ ఒకే పాలసీ కింద ఆస్పత్రి ఖర్చు వస్తుంది. ఇంటి పాలసీలో పాత జబ్బులకు ఏళ్ల తరబడి ఆగాలి. గ్రూప్‌లో వాటికి కూడా మొదటి రోజు నుంచే వర్తించేలా తీసుకోవచ్చు. ఇంత మంచి సంగతి చెబితే మిల్లుల వాళ్లు, "మావోళ్లకేం రోగాలమ్మా, గుండ్రాళ్లు తిని అరిగించుకుంటారు" అని టీ తాగించి పంపేవాళ్లు. ఆ టీలతో నాకు గ్యాస్ పట్టింది గానీ ఒక్క గ్రూప్ అకౌంటూ రాలేదు.

అలాంటప్పుడు ఆళ్లగడ్డలో శిల్పాల కార్ఖానా నడిపే మౌనాచారి దొరికాడు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. ఆ మధ్య ఒక పనివాడి కాలిమీద బండ పడితే ఆస్పత్రి బిల్లు తనే కట్టాడు. అందుకే నన్ను వెళ్లిపొమ్మనలేదు. నేను ఆఫీసు గదిలో కూర్చోకుండా మధ్యాహ్నం పనివాళ్లు టిఫిన్లు విప్పే చోట కూర్చునేదాన్ని. ఎవరి భార్యకు షుగరో, ఎవరి బిడ్డకు ఆయాసమో అక్కడే తెలుస్తుంది. యజమాని చెవిలో వాళ్లు వేసే మాట నా పాంప్లెట్ కంటే బాగా పనిచేస్తుంది. మూడు వారాలు తిరిగాక ఆయన పంతొమ్మిది పేర్ల లిస్టు ఇచ్చాడు. హైదరాబాదు ఏజెంటు ఒకడు నాకంటే తక్కువ రేటు చెప్పినా, "నువ్వు మావోళ్లతో కూడు తిన్యావు, నీకే ఇస్తా" అన్నాడు. ఆ రోజు స్కూటీ మీద నంద్యాల దాకా పాటలు పాడుకుంటూ వచ్చాను.

సంతకాలకూ చెక్కుకూ వెళ్లిన రోజు కార్ఖానాలో ఒక్క మెషిన్ కూడా తిరగడం లేదు. అందరూ ఉలులు కిందపెట్టి నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన అమ్మవారి విగ్రహానికి కళ్లు చెక్కుతున్నాడు. నాగలింగాచారి. మౌనాచారికీ అక్కడున్న సగం మందికీ పని నేర్పిన గురువు. ఆ కార్ఖానాలో ఎవరు ఏ విగ్రహం చేసినా కళ్లు మాత్రం ఆయనే తీర్చాలి. పని ముగించి లేస్తూ ఆయన పొత్తికడుపును అరచేత్తో అదిమిపట్టుకున్నాడు. మొహంలో నొప్పి కనిపించింది. పక్కనున్నాయనను అడిగితే, "గడ్డ దిగుతాంది మా. రెండేండ్లాయ. ఆపరేషన్ అంటే, శిష్యుని దుడ్లతో వద్దంటాడు" అన్నాడు. హెర్నియా అని నాకు అర్థమైంది.

నేను లిస్టు తీసి చూశాను. ఆ పేరు లేదు.

నిజం చెప్పాలి. నోరు మూసుకుని చెక్కు తీసుకుపోదామని ఒక్క నిమిషం అనిపించింది. అరవై దాటిన మనిషిని చేర్చితే ప్రీమియం పెరుగుతుంది, హైదరాబాదు వాడు మళ్లీ ఫోన్ చేస్తాడు. కానీ పాలసీ మొదలయ్యాక మధ్యలో చేర్చేది కొత్తగా పనిలో చేరినవాళ్లనే. ఇప్పుడు తప్పితే ఆయన ఏడాది పాటు ఆ నొప్పిని చేత్తో అదుముకుంటూ ఉండాల్సిందే. నా నోరు ఎలాగూ ఊరుకునే రకం కాదు.

"అన్నా, పెద్దాయన పేరేదీ?"

మౌనాచారి మొహం మారిపోయింది. "ఆయప్ప మా గురువు. పనోళ్ల లిస్టులో రాస్తానా? నాకింద పనోడని రాయమంటాండావా?"

"జీతం ఎట్ల ఇస్తాండావు మరి?"

"జీతమేందీ? అమావాస్య అమావాస్యకూ తాంబూలంలో పెట్టి కాళ్లకు మొక్కుతా."

కంపెనీకి తాంబూలం తెలియదు. జీతం ఇస్తున్నట్టు కాగితం ఉంటేనే ఉద్యోగి. అది చెప్పగానే ఆయన చెక్కుబుక్కు మూసేశాడు. "ఈ పాలసీ వద్దులేమ్మా. పో ఇంగ." నాకూ కోపం వచ్చింది. "మొక్కితే గడ్డ కరగదన్నా" అనేశాను. అనేశాక నా అకౌంటు పోయిందని నాకే అర్థమైంది.

అప్పుడు పెద్దాయన వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. అంతా విన్నాడేమో. "యాడ రాయాల్నో చూపీమ్మా" అన్నాడు. నేను హోదా అని ఉన్న గడి చూపించాను. ప్రధాన శిల్పి అని రాద్దామన్నాను.

"అదంతా యాలమ్మా. శిల్పి అని రాయి సాలు." తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు. "పొద్దన లేసి నీ కార్ఖానాకే కదరా వస్తాండా? ఉన్న మాట రాస్తే నాకేం తక్కువైతాది?"

మౌనాచారి తల దించుకుని ఇరవయ్యో పేరు తన చేత్తోనే రాశాడు. ఆ నెల నుంచి జీతం బ్యాంకులో పడింది. అమావాస్య తాంబూలం ఇవ్వడం మాత్రం మౌనాచారి మానలేదు. కాగితాలన్నీ కుదిరేసరికి నెల పట్టింది. కంపెనీ ఒప్పుకునేదాకా నాకు అన్నం సయించలేదు.

పాలసీ వచ్చిన మూడో నెలలో నంద్యాలలోనే పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్. క్యాష్‌లెస్, అంటే బిల్లును కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కడుతుంది. నేనూ వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి, "యాడ పని చేస్తాండావు తాతా?" అని అడిగింది. పెద్దాయన వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డ మౌనాచారి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈయప్ప దగ్గర. నేను పని నేర్పిన పిల్లోడు, నాకే పని ఇచ్చినాడు."

మౌనాచారి అందరి ముందూ ఏడ్చేశాడు. నేను కూడా ఏడ్చాను, దాచేదేముంది.

ఆ తర్వాత ఆళ్లగడ్డలోనే నాలుగు కార్ఖానాలు నా దగ్గర గ్రూప్ పాలసీ తీసుకున్నాయి. ఏజెన్సీలో కొత్తగా చేరినవాళ్లు ఎలా గెలిచావని అడుగుతుంటారు. రేటు గురించి వాళ్లకు నేను చెప్పేదేమీ ఉండదు. ఇప్పుడు ఏ షాపుకు వెళ్లినా లిస్టు చేతికి రాగానే ఒక ప్రశ్న అడుగుతాను. "అన్నా, ఈడ పనిచేస్తా ఉండి, పనోళ్లని నువ్వు అనలేనోళ్లు ఎవరు?" అది హోటలయితే, యజమాని మొదట నవ్వుతాడు. తర్వాత వంటగది వైపు చూసి, వాళ్ల పెద్దమ్మ పేరు చెబుతాడు.