ఎర్రమన్ను పూసిన స్టవ్వు

మా వంటింట్లో గ్యాస్ పొయ్యి శుభ్రం చేసే పని నేనెవరికీ ఇవ్వను. ఆదివారం పొద్దున బర్నర్లు ఊడదీసి, సబ్బు కలిపిన వేణ్ణీళ్లలో నానేసి, బెజ్జాల్లో ఇరుక్కున్న మసిని సూదితో పొడిచి తీస్తుంటే, జిడ్డు కరిగిన వాసన వెనకే డెబ్బై ఏళ్ల కిందటి మా ఆత్మకూరు ఇంటి కిరసనాయిలు వాసన కూడా ముక్కుకు తగులుతుంది. ఆ బెజ్జాలు పూడుకుపోతే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

నాయనకు బజారు వీధిలో బెల్లం కొట్టు ఉండేది. ఇంటి పెత్తనం మాత్రం ఆయన తల్లిది, మా అవ్వది. రోజూ పొద్దున్నే పొయ్యిలో బూడిద ఎత్తి, ఎర్రమన్నూ పేడా కలిపి అలికి, ముగ్గుగీతలు లాగి, పసుపు కుంకుమ పెట్టాకే నిప్పు రాజెయ్యాలి. ఉదయగిరి కొండల వైపు నుంచి బండ్ల మీద వచ్చే కట్టెలు ఎండాకాలంలో ఇట్టే అంటుకునేవి గానీ, కార్తీకంలో ముసురు పట్టిందంటే ఎంత ఊదినా పొగే తప్ప మంట ఉండేది కాదు. ఊదుగొట్టం పట్టుకుని వంగి కూర్చున్న అమ్మ కళ్లు ఎర్రబడి, ధారగా కారి, మధ్యాహ్నానికి రెప్పలు అంటుకుపోయేవి. పొగకు దూరంగా ఉంచకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. అమ్మ ఆ మాటే అవ్వకు చెప్పింది.

"నేనూ నలభై ఏండ్లు ఊదినాను. నా కండ్లు పోలా," అంది అవ్వ.

నాయన మర్నాడే నెల్లూరు వెళ్లి పంపు స్టవ్వు తెచ్చాడు. ఇత్తడి బుడ్డి, మూడు కాళ్లు, గాలి కొడితే బుస్సుమంటూ నీలం మంట, వెతికినా పొగ లేదు. మేమంతా చుట్టూ మూగాం. అవ్వ వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది.

"అలికేదానికి లేదు, ముగ్గేసేదానికి లేదు. అదేం పొయ్యిరా? దానిమీద వండింది దేవుడికి ఎట్టా పెట్టేది?"

దేవుడికి పెట్టనిది మా ఇంట్లో ఎవరూ తినరు. స్టవ్వు మూలకు చేరింది, అమ్మ మళ్లీ పొగలో కూర్చుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, నా అంత తెలివిగలవాళ్లు ఊళ్లో లేరని నా నమ్మకం. అలకడానికి లేదనే కదా అవ్వ అభ్యంతరం, అలికేస్తే సరి! ధనుర్మాసంలో ఒక పొద్దున, అవ్వ బావి దగ్గర నీళ్లు పోసుకుంటుండగా, ఎర్రమన్నూ పేడా కలిపి స్టవ్వు కాళ్ల నుంచి మంట వచ్చే మూతి దాకా ఎక్కడా ఇత్తడి కనబడకుండా పూసేశాను. బియ్యప్పిండితో గీతలు లాగి కుంకుమ పెట్టాను. అవ్వ తడిచీరతో వచ్చి, వంగి దాన్ని చూసింది.

"వెలిగించు అమ్మాయ్. పులగం దీనిమీదే పెట్టు," అంది అమ్మతో.

నా కాళ్లు నేల మీద ఆనలేదు. కానీ అమ్మ ఎంత గాలి కొట్టినా మంట లేవలేదు. మన్ను బెజ్జాన్ని పూడ్చేసింది. ముందుగా మూతిని వెచ్చబెట్టడానికి దాని చుట్టూ పోసిన కిరసనాయిలు మాత్రం భగ్గుమని, గది నిండా నల్లటి పొగ కమ్మింది. అమ్మ కళ్లు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఎవరి కళ్ల కోసం చేశానో వాళ్ల కళ్లలోనే పొగ కొట్టాను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"బంగారమట్టాంటి స్టవ్వు నాశనం చేసినావు గదే!" నాయన చెయ్యెత్తాడు.

"దాన్ని కొట్టబాకరా," అవ్వ అడ్డం వచ్చింది. "అలికింది, ముగ్గేసింది. ఇంక అది పొయ్యే. మూతిమీద మన్ను తీసెయ్, అంతే."

నాయన మూతి ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, పిన్నుతో బెజ్జం పొడిచాడు. అవ్వ చింతపండుతో ఇత్తడి తోమి, స్టవ్వు కింది బండను మాత్రం అలికింది. ఈసారి నీలం మంట లేచింది, పులగం ఉడికింది. పొగ లేని వంటింట్లో అవ్వ కోడలి ముఖాన్ని దగ్గరగా చూసి, ఉబ్బిన రెప్పల మీద వేలు పెట్టింది.

"ఇంతగా మండతా ఉంటే నాతో చెప్పగూడదా?"

"చెప్పినాను గదత్తా," అంది అమ్మ, గరిటె తిప్పుతూ.

మర్నాటి నుంచి, ఓపిక ఉన్నన్నాళ్లూ, ఆ బండను అవ్వే అలికింది. అమ్మను వంగనివ్వలేదు.

ఆ స్టవ్వూ పోయింది, అలికిన బండా పోయింది, ఆ బుస్సుమనే చప్పుడు చెవిలో ఉన్నవాళ్లూ ఇప్పుడు తక్కువే. కట్టెల పొయ్యి రుచే వేరని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లలో ఒక్కరూ ఊదుగొట్టం పట్టి ఉండరు. మా అమ్మ ఎనభయ్యో ఏట కూడా బియ్యంలో రాళ్లు తనే ఏరుకుంది.