అటుది ఇటైన షియూజిన్

షియూజిన్ తైవాన్ పడమటి తీరంలో ముప్పై ఏళ్ళు సముద్రపు గుల్లలు ఒలిచింది. ఆమె నోరు కూడా ఆ గుల్లలు ఒలిచే కత్తంత పదును. ఒకసారి ఊళ్ళో డాక్టరు ఎడమ రొమ్ము మీద గొట్టం పెట్టి, "గుండె చప్పుడు మరీ నీరసంగా ఉందే" అన్నాడట.

"రోజుకి రెండు బస్తాలు ఒలిచేదాన్ని. నీరసం నీ గొట్టానికి!" అని లేచొచ్చేసిందట. మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు. దేహాన్ని మాత్రం మా వైద్య కళాశాలకు రాసిచ్చింది. ఎందుకమ్మా అంటే, "చచ్చాక కూడా ఊరికే పడుకోవడం నా వల్ల కాదు" అందట.

ఇదంతా మా కోత గదిలో ఆమె దేహం ఉన్న బల్ల దగ్గర కాగితం మీద ఉంటుంది. మా కాలేజీ పిల్లలు దేహమిచ్చిన మనిషి ఇంటికి వెళ్ళి బతుకంతా రాసుకొచ్చి, "గురువుగారూ" అని ఆ దేహానికి దణ్ణం పెట్టాకే కత్తి పడతారు. ఇరవై ఏళ్ళుగా ఆ గది చూసుకునేదాన్ని నేనే.

షియూజిన్ చెల్లెలు మెయిచ్యూ ప్రతి శుక్రవారం పిల్లలకు వేరుశెనగ పాయసం తెచ్చేది. ఆ శుక్రవారం రాలేదు.

"ఫోన్ చేశాను. ఎడమపక్క పొత్తికడుపులో పోటట, రెండ్రోజులుగా. డాక్టరు గ్యాస్ అన్నాడట" అంది త్సెంగ్ అనే పిల్ల. అని, షియూజిన్ కడుపు కోయడం మొదలుపెట్టింది.

కాసేపటికి నన్ను కేకేసింది. "అక్కా, కాలేయం లేదు. కుడిపక్కన లేదు!"

"కాలేయం లేకుండా బతికిందా, చదువుకున్న గాడిదా? నీ కుడిచెయ్యి ఎటో తెలుసా?" అంటూ వెళ్ళి వంగి చూశాను.

కాలేయం ఎడమపక్కన ఉంది. జీర్ణాశయం కుడిపక్కన. అంటే గుండె కూడా కుడివైపే. రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను, నా గుండె ఎటుందో అని. కుడివైపు ఉండాల్సిన ఉండుకం, అదే అపెండిక్స్, ఎడమవైపు కిందుగా కనిపించింది. అప్పుడు మెయిచ్యూ ఎడమపక్క పోటు గుర్తొచ్చింది. ఇలాంటిది తోబుట్టువుల్లోనూ ఉండొచ్చు.

చేతొడుగులు పీకేసి ఫోన్ అందుకున్నాను. "మెయిచ్యూ! లేచి పెద్దాసుపత్రికి పో, ఇప్పుడే!"

"గ్యాస్‌కి పెద్దాసుపత్రేంటి? అల్లం కషాయం తాగా. మా అక్క వింటే నవ్వుద్ది."

"పంపేది మీ అక్కేనే! నీ ఉండుకం ఎడమపక్కన ఉందేమో! వాళ్ళకి ఆ ముక్క చెప్పు!"

అటువైపు చెప్పులు వెతుక్కునే చప్పుడు వినిపించింది.

స్కాన్ తీస్తే అలాగే ఉంది. ఇంకొక్క పూట ఆగితే పగిలేదట. సాయంత్రమే ఎడమవైపు కోసి తీసేశారు. ఆ వార్త విని త్సెంగ్ నేల మీద కూలబడి ఏడ్చింది.

చదువు ముగిశాక పిల్లలు షియూజిన్ దేహాన్ని కుట్టి, కొత్త బట్టలు తొడిగి సాగనంపారు. మెయిచ్యూ శవపెట్టె దగ్గరికి వచ్చి అక్క రొమ్ము మీద చెయ్యి వేయబోయి, ఆగి, కుడివైపుకు జరిపింది.

"చచ్చినా ఊరికే పడుకోవు గదే నువ్వు" అని తిట్టి, ఆ చెయ్యి తియ్యకుండా ఏడ్చింది.