చెంచా పోయిన కారు

తనిఖీ మామయ్యకు తన నీడ మీద కూడా అనుమానమే. ఎండలో నడుస్తూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, అది తన జేబులో చెయ్యి పెట్టడం లేదని రూఢి చేసుకునేవాడు.

ఆయన వాయించేది డబుల్ బేస్, తనకన్నా పొడుగైన తీగల వాద్యం. నడిపేది చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. దేశంలో జాజ్ వాయించేవాళ్ళే తక్కువ. అందులో పనికొచ్చేవాళ్ళంతా ఆ కారులోనే. బేస్ మెడ కిటికీలోంచి బయటికి, డ్రమ్ములు వెనకవాళ్ళ ఒళ్ళో. ఆ కారు గోతిలో పడితే దేశపు జాజ్‌కి నడుం విరిగేది. వైపర్ రబ్బరు అరిగి కీచుమనేది. కొత్తది వేస్తే ఎవడో ఎత్తుకుపోతాడని మామయ్య అనుమానం.

దిగేముందు తనిఖీ తప్పదు.

"నా చెంచా పోయింది. పెట్టెలు తెరిచి అటు తిరగండి!"

"తిరగడం ఎందుకండీ?" అనేవాడు డ్రమ్మర్.

"దొంగని కళ్ళే పట్టిస్తాయి. నాకు జాలేస్తుంది."

ఏడేళ్ళుగా ఆ చెంచా దొరకలేదు. బేస్ వాయించేవాడికి చెంచా ఎందుకో ఎవరూ అడగలేదు.

మేనకోడలు సాక్సఫోన్ వాయించేది. దాని మూతికి బిగించే పలచటి రెల్లు బద్దను రీడ్ అంటారు. అందరివీ నెలలోపే చీలిపోయేవి. ఆమెవి మాత్రం ఏడేళ్ళుగా కొత్తవాటిలాగే ఉండేవి. "కిటుకంతా ఊదడంలో ఉంది," అని కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పేది. డ్రమ్మర్ కూడా తక్కువ తినలేదు. "నా పుల్లలు విరగవు. మణికట్టు మహిమ!" అనేవాడు.

ఇంతలో రేడియోవాళ్ళు పిలిచారు. వాయించి మెప్పిస్తే ప్రతి ఆదివారం అరగంట జాజ్‌కి. లేకపోతే వంటల కార్యక్రమానికి. మాట్లాడుకోవడానికి వెళ్ళిన రోజే, రేడియో అధికారి ఎదుట మామయ్య మేనకోడలి పెట్టె తెరిపించాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఇక మీ కారు ఎక్కను, మామయ్యా!"

"ఎక్కకపోతే దొంగవని తేలినట్టే!"

ఆరు వారాలు ఆమె బస్సులోనే తిరిగింది. పంతం కొద్దీ పగలంతా సాధన చేసింది. రికార్డింగ్‌కి పావుగంట ముందు ఊది చూస్తే, రీడ్ నిలువునా చీలింది. రీడ్ల డబ్బీలో మిగిలినవన్నీ నల్లబడి, అంచులు విరిగి ఉన్నాయి. ఏడేళ్ళలో లేనిది ఈ ఆరు వారాల్లో ఏమైంది?

బయట వానలో కీచుమని వైపర్ చప్పుడు. మామయ్య తడిసి ముద్దయి లోపలికొచ్చాడు.

"నా చెంచా! పెట్టె తెరిచి అటు తిరుగు!"

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయటి మబ్బుకి నల్లబడిన అద్దంలో మామయ్య కనిపించాడు. జేబులోంచి కొత్త రీడ్లు తీసి, డబ్బీలో పేర్చి, పాతవి జేబులో వేసుకుంటున్నాడు. ఆమెకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"దొరికిందా, మామయ్యా?"

"లేదు. ఈసారికి వదిలేస్తున్నాను."

ఆదివారం అరగంట జాజ్‌కే దక్కింది.

మర్నాడు ఆమె మళ్ళీ కారెక్కింది. దిగేటప్పుడు, "నా పెన్సిల్ పోయింది. కారు వెతకాలి. అటు తిరగండి, మామయ్యా!" అంది.

"నన్నే అనుమానిస్తావా?" అన్నాడాయన. కానీ మురిసిపోతూ తిరిగాడు. ఆమె పెన్సిల్ వెతకలేదు. సంచిలోంచి కొత్త వైపర్ తీసి బిగించింది.

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది.

"దొంగలు! నా పాత వైపర్ కొట్టేశారు!" అని దారి పొడుగునా అరుస్తూనే, తళతళలాడే అద్దంలోంచి చూసుకుంటూ మామయ్య దేశపు జాజ్‌ని ఒక్క గోతిలోనూ పడకుండా ఇల్లు చేర్చాడు.