మరియమ్మత్త బతికించిన హీరో

ఓ పాత సినిమాలో హీరో చావును కత్తిరించి, పెళ్ళితో ముగించి, ఆన్‌లైన్‌లో పెట్టిన నా ఘనకార్యం మీకు గుర్తుండే ఉంటుంది. కాపీరైట్ వాళ్ళు దాన్ని తీసేశారు. ఆపైన నా దగ్గరున్న ఒక్క కాపీతో సహా లాప్‌టాప్ కూడా పోవడంతో హీరో శాశ్వతంగా కన్నుమూశాడు.

ఈ రోజు పక్కింటి మరియమ్మత్త టీవీలో అదే హీరో తాళి కడుతున్నాడు! గుమ్మంలోనే నిలబడిపోయాను.

"అత్తా, ఇది నీకాడ ఎట్టుంది?"

"నువ్వు పెట్టిన రోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నా. ఆ పిల్లోడు చస్తే మా అమ్మకి అన్నం దిగదురా."

"నాకో కాపీ ఇయ్యవా?"

"ఇస్తాగానీ ఊరంతా పంచమాక. మళ్ళీ చంపుతారు."

ఆ సినిమాకిప్పుడు ఇద్దరు హక్కుదారులు: నిర్మాత, మరియమ్మత్త. నేను రెండు చేతులెత్తి దండం పెట్టి, కాపీ తెచ్చుకున్నాను. మీ ఇళ్ళలో ఎవరిని ఇలా బతికించి దాచారో చెప్పండి.