దూదేకుల తాత అడిగిన అర్థం

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో నా అంత నోరున్న పిల్ల మరొకతె లేదు. ఎనిమిదేళ్లుంటాయేమో. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు చాటుగా పెట్టిన మీటింగులో ‘కిరాతకుడు’ అన్న మాట విన్నాను. అబ్బ, ఎంత బాగుందో! ఇక పాలు తాగిన పిల్లి కిరాతకుడు, చింతకాయ ఇవ్వని మా అన్న కిరాతకుడు, జడ గట్టిగా లాగిన పక్కింటి అక్క కూడా కిరాతకుడే. అర్థం ఎవరిక్కావాలి?

ఇండియా మిలిట్రీ హైదరాబాదు చేరిందన్న కబురు రాగానే ఊరంతా వీధుల్లోకి వచ్చింది. డప్పులు, కేకలు, బెల్లం పంపకాలు! అంతకు నెల ముందే సర్కారు అండ ఉన్న తుపాకుల మూక ఒకటి వచ్చి మా గడ్డివాములు తగలబెట్టి, మా చిన్నాయన కాలు విరగ్గొట్టింది. ఆ పీడ పోయిందని నేనూ గంతులే గంతులు.

గంతులేస్తుండగానే గుంపు దూదేకుల తాత ఇంటివైపు తిరిగింది. ఆయన మా వెనక వీధిలో బొంతలకు దూది ఏకే ముసలి సాయిబు. ఆయనదీ ఆ మూకదీ ఒకటే మతం, అంతే. ఎవరో రాయి అందుకున్నారు. ఆ ఊపులో నేను గొంతు చించుకుని “కిరాతకుడు!” అని అరిచాను. గుంపంతా ఆ మాట అందుకుంది. ఒకతని చేతిలో కిరసనాయిలు డబ్బా కనబడేసరికి నా గంతులు ఆగిపోయాయి. తాత లోపలే ఉన్నాడు.

మా నాయనమ్మ పరుగున వచ్చి ఆ గడపకు అడ్డంగా కూర్చుంది. మా కులపంచాయితీలో ఒక పద్ధతి ఉండేది. ఎవరినైనా పెద్ద మాట అనాలంటే, వాళ్లు చేసిన పని చెప్పి, నేల ముట్టి అనాలి. నాయనమ్మ దాన్నే పట్టుకుంది.

“ఏం జేసిండో చెప్పుండ్రి. భూమి ముట్టి చెప్పుండ్రి. గప్పుడు అనుండ్రి!”

ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగింది. ఎవరూ వంగలేదు. చివరికి మా చిన్నాయన కుంటుకుంటూ ముందుకొచ్చాడు. దెబ్బ తిన్నవాడు ఆయనే కదా, అందరూ ఆయన నోటికేసే చూశారు. కర్ర మీద ఆనుకుని, కష్టపడి వంగి మట్టి ముట్టాడు.

“నా కాలు ఇరిగిన నాడు గీ తాతనే దూది వెట్టి కట్టు గట్టిండు” అన్నాడు.

రాళ్లు కిందపడ్డాయి. డబ్బా పట్టుకున్నవాడు ఎటుపోయాడో తెలియదు.

మర్నాడు నాయనమ్మ నన్ను చెవి పట్టుకుని తాత ముందు నిలబెట్టింది. ఆయన దూది ఏకుతున్నాడు.

“బిడ్డా, నిన్న నన్నేందో అన్నవ్. గా మాటకు అర్థమేంది?” అని అడిగాడు.

ఎత్తిపొడుపు కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. నాకూ తెలియదు! సిగ్గుతో చచ్చిపోయాను.

కిరాతకుడంటే జాలన్నదే లేకుండా హింసించేవాడని తర్వాత బడిలో నేర్చుకున్నాను. చిన్నాయన కాలు విరగ్గొట్టిన వాళ్లను ఇప్పటికీ నేల ముట్టి ఆ మాట అంటాను. ఇంకెవరి మీదికైనా అది నోటిదాకా వస్తే, ముందు వంగి చూస్తాను. చాలాసార్లు నా చెయ్యి నేలదాకా పోదు.