రెండో మంగళం

మా మావయ్య మంగళం పాడేశాడంటే ఇక ఆ రోజుకి ఆయన నోట పాట రాదు. గరివిడిలో ఒక పెళ్లి కచేరి అయ్యాక ఆడపెళ్లివారి పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు, ఒక్క కీర్తన అని. "మంగళం అయిపోనాది బాబూ, మరి లేదు" అనేసి భోజనాల వైపు నడిచాడు. కన్న కూతురి పెళ్లిలోనూ అంతే. ఇంత మొండితనం దేనికని నాకు ఒళ్లు మండేది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. స్టేషన్‌లో టిక్కెట్లు ఇచ్చి రిటైరయ్యాడు. మృదంగం వాయించే మా బావ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. నేను గజపతినగరంలో బట్టల కొట్టు నడుపుతూ ఫిడేలు వాయిస్తాను. అది మా నాన్న ఫిడేలు. దాని మీద దుమ్ము కూడా మా ఆవిడను దులపనివ్వను. ఈ విషయంలో ఇంట్లో నాకు మంచి పేరేమీ లేదు.

పెళ్లిళ్లు కాకుండా ఊళ్లలో పాడే కచేరీలకు మావయ్య ఒక పద్ధతి పెట్టాడు. మేం ఏమీ పుచ్చుకోం. శాలువాలు అసలే వద్దు. ఒక్కో కచేరి ఒక్కో విద్యార్థి కోసం. మృదంగం ఒక్కటే మోగే తని అయ్యాక, మంగళానికి ముందు, ఆ విద్యార్థికి చదువు చెప్పిన మాస్టారు లేచి రెండు ముక్కలు చెబుతారు. వినేవాళ్లలో ఒకరు పుస్తకాల ఖర్చు నాది అంటారు, ఇంకొకరు బస్సు పాసు నాది అంటారు. వ్యాపారం చేసేవాణ్ణి, నోటిమాట మీద నాకంత గురి లేదు. కానీ అలా చదువుకున్న పిల్లలే ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ మా కొట్టుకొచ్చి చీరలు కొంటున్నారు. బేరం కూడా గట్టిగానే ఆడుతున్నారు.

మొన్న కార్తీకంలో కోటబొమ్మాళిలో పాడాం. ధాన్యం మార్కెట్ రేకుల షెడ్డు, సాయంత్రం నాలుగింటికి మొదలు. ఆ రోజు కచేరి ఎవరి కోసమో ఆ పిల్లకు విజయనగరంలో నర్సింగు సీటు వచ్చింది. సోమవారంలోపు చేరకపోతే పోతుంది. తండ్రి లేడు. తల్లి కోతల నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి గుడ్డ కట్టుకుని ఉంది. మాస్టారి పక్కన తల్లీకూతుళ్లిద్దరూ ముందు వరసలోనే కూర్చున్నారు. నేను వాళ్లను చూశాను కూడా.

తని మధ్యలో చినుకులు మొదలయ్యాయి. రేకుకు సరిగ్గా నా నెత్తిమీదే చిల్లు. ఒక చుక్క ఫిడేలు మీద పడింది. రెండోది పడింది. నాకు ఇంకేమీ కనపడలేదు. బావ తని ముగించాడో లేదో మంగళం ఎత్తుకున్నాను. మావయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. తని తాళంలోనే మునిగి ఉన్నాడు పాపం, మాస్టారి మాట గుర్తుకు రాకుండానే నా మీద నమ్మకంతో అందుకుని పాడేశాడు.

జనం లేచి దణ్ణం పెట్టుకుని గొడుగులు విప్పారు. మాస్టారు కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ తల్లి ఆయన్ని అడగడం నాకు వినపడింది.

"అయిపోనాదేటి బాబూ? మా పాప గురించి సెప్పనేదు గదా!"

సిగ్గుతో ఫిడేలు ఒళ్లోకి దించుకున్నాను. మావయ్య కళ్లు తెరిచి మాస్టారిని చూశాడు, తరవాత నన్నూ నా ఫిడేలునూ చూశాడు. తిట్టలేదు. మైకు దగ్గరకు జరిగాడు.

"కూకోండి, కూకోండి. ఆ కచేరి అయిపోనాది. ఇప్పుడు ఇంకో కచేరి."

అని వర్ణం ఎత్తుకున్నాడు. కచేరి మొదట్లో పాడే వర్ణం! రెండు గంటలు పాడిన గొంతు, డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాడిలా మొదటి నుంచీ మొదలెట్టాడు. బావ నోరు తెరిచి, వెంటనే మృదంగం ఒళ్లోకి లాక్కున్నాడు. వెళ్లేవాళ్లు ఆగారు. ఎవరో నవ్వారు. ఒక్కొక్కరే గొడుగులు ముడిచి కూర్చున్నారు. అంతమంది గాయకుల పక్కన వాయించాను గానీ అంత గొప్ప వర్ణం నేను వినలేదు. స్వరం రెండు చోట్ల జారింది, అయినా అంతటిది వినలేదనే అంటాను.

వర్ణం అయ్యాక మాస్టారు మాట్లాడాడు. బియ్యం కొట్టు షావుకారు హాస్టల్ నాది అన్నాడు. ఒక రైతు యూనిఫారాలు నావి అన్నాడు. పుస్తకాల కోసం ఇద్దరు పోటీ పడ్డారు. ఆ పిల్ల తన తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

రెండో కచేరికి కూడా మంగళం ఉండాలి కదా. మావయ్య నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. నా వైపు తిరిగి బొంగురుగా అన్నాడు.

"ఒరే, ఇందాక నువ్వే ముగించీసినావు గదా. ఇప్పుడూ నువ్వే ముగించు."

ఒక్కణ్ణే వాయించాను. వాన జోరందుకుంది. చిల్లులోంచి నీళ్లు ధారగా ఫిడేలు మీదకు కారుతున్నాయి. జరిగి కూర్చోవచ్చు, జరగలేదు. చివరి స్వరం దాకా అలాగే వాయించాను.

కమాను దించేసరికి ఆ తల్లి వేదిక ఎక్కి నా ముందు కూర్చుంది.

"అయ్యో, తడిసిపోనాది బాబూ" అంటూ కొంగుతో ఫిడేలు తుడవసాగింది.

తుడవనిచ్చాను.